బోర్డు మారితే చదువు మారుతుందా?

(ఖైరతాబాదులో జరిగిన మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. సావనీరు కోసం కొద్దిపాటి మార్పులు చేయబడినవి.)



ముందుగా ఒక సంజాయిషీ చెప్పుకోవాలి. మేము ఉర్దూ మీడియం టీచరు. ఇరవై ఏళ్ళుగా ఉర్దూలోనే పాఠాలు చెబుతున్నాము. అటువంటి మేము ఈ సభలో తెలుగులో మాట్లాడటమేమిటని ఒకరిద్దరు బుజుర్గులు ఇందాకే అడిగారు. మన సంఘంలో సగం కుటుంబాలు నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, కర్నూలు వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవే. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా వారు చదివేది తెలుగు. ఇక్కడే పుట్టిన పిల్లలలో కూడా చాలామందికి ఉర్దూ మాట్లాడటం వస్తుంది గాని చదవటం రాదు. సావనీరు ఇంటికి చేరిన తర్వాత ఎవరో ఒకరు దానిని చదవాలి గదా! అందుకే తెలుగు. ఈ సంజాయిషీకి, ఇవాళ్టి విషయానికి సంబంధం ఉన్నది. ఆ సంగతి చివర మనవి చేస్తాము.

సదర్ సాహెబ్ గారు మాకు ఇచ్చిన ప్రశ్న ఇది: మన సంఘం సొంతంగా ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు పెడితే మన పిల్లల చదువు బాగుపడుతుందా? ఈ సంవత్సరం దీనిపై తీర్మానం చేయాలని కొందరు సభ్యులు పట్టుదలగా ఉన్నారు. స్థలం చూస్తున్నారు. చందాల మాట కూడా వచ్చింది. ఇది చిన్న సొమ్ము కాదు. చింతల్ బస్తీలో ఆటో నడిపే భాయి, నాంపల్లిలో కుట్టుమిషను తొక్కే ఆపా ఇచ్చిన సొమ్ము అది. కనుక తొందరపడి "వాహ్ వా" అనకుండా నిదానంగా ఆలోచించవలసిన బాధ్యత మనపై ఉన్నది.

ఈ విషయంలో మా స్వార్థాన్ని ముందే చెబుతున్నాము. ఇంగ్లీషు మీడియం స్కూలు వస్తే మా బడిలో పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి. అదొక స్వార్థం. ఇంకొక సంగతి కూడా ఉన్నది. మా పెద్దమ్మాయిని మేమే ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో చదివించాము. ఉర్దూ మాస్టారు బిడ్డ ఉర్దూ బడిలో ఎందుకు లేదని మమ్మల్ని అడిగినవారికి ఇంతవరకు సరైన జవాబు చెప్పలేకపోయాము. కాబట్టి మమ్మల్ని రెండు వైపుల నుండీ అనుమానించండి. అనుమానించిన తర్వాతే వినండి.

సోదర సోదరీమణులారా!

మనం కూర్చున్న ఈ చోటు నుండి ఆబిడ్స్ ఎంతో దూరం లేదు. ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834 నాటిది. గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ 1855 నాటిది. అదే గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె భవనాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి తరగతులు నడిచాయి. 1917లో ఫర్మానా, 1918లో ప్రారంభం. వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలో నేర్పిన విశ్వవిద్యాలయం అది. పాఠ్యపుస్తకాలు తయారు చేయడానికి దారుల్ తర్జుమా అనే అనువాద శాఖనే నెలకొల్పారు. 1948 తర్వాత అక్కడ బోధనా భాష ఇంగ్లీషు అయింది. 2022-23 నుండి తెలంగాణలోని ప్రభుత్వ బడులలో కూడా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. అంటే మీడియం అన్నది ఒక ఉత్తర్వుతో వస్తుంది, మరొక ఉత్తర్వుతో పోతుంది. కాని పిల్లవాడికి తీసివేత ఎట్లా చేయాలో నేర్పటం ఏ ఉత్తర్వుతోనూ జరగదు. దానికి ఒక మనిషి ఆ పిల్లవాడి పక్కన కూర్చోవాలి.

ఒక సంఘం చేతికి బడి వస్తే చదువు మెరుగుపడుతుందా అన్న ప్రశ్న మనం కొత్తగా అడుగుతున్నది కాదు. అమెరికా వారు దీనిపై ముప్పై ఏళ్ళకు పైగా తర్జనభర్జన పడుతున్నారు. అక్కడ "చార్టర్ స్కూలు" అని ఒక పద్ధతి ఉన్నది. చార్టర్ అంటే ఒప్పంద పత్రం. సొమ్ము సర్కారుది, నడిపేది ఒక సంఘమో, కొందరు టీచర్లో. ఫీజు వసూలు చేయరాదు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువ వస్తే చీటీలు తీయాలి. ఫలితాలు చూపించకపోతే ఒప్పందాన్ని రద్దు చేసి బడి మూసేయవచ్చు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం దీనికి మొదట చట్టం చేసింది. 1992లో సెయింట్ పాల్ నగరంలో మొదటి బడి తెరిచారు. సోమాలియా నుండి వలస వెళ్ళిన ముస్లిం కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే చార్టర్ బడులు కూడా ఆ రాష్ట్రంలో ఉన్నాయి. మన దగ్గరి ఎయిడెడ్ బడిని తలచుకోండి. జీతాలు సర్కారువి, మేనేజిమెంటు సంఘానిది. ఇంచుమించు దాని చుట్టమే. అయితే ఒక తేడా ఉన్నది. మన ఎయిడెడ్ బడిలో పిల్లలు నేర్చుకున్నారా లేదా అని లెక్క అడిగి, దానిని బట్టి బడి ఉండాలో పోవాలో తేల్చేవారు లేరు.

మరి ఫలితమేమిటి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఒక పరిశోధన సంస్థ 2009లో 16 ప్రాంతాల చార్టర్ బడులను చుట్టుపక్కల ఉన్న మామూలు బడులతో పోల్చింది. లెక్కలలో 100కి 17 చార్టర్ బడులు మెరుగు, 37 అధ్వాన్నం, మిగిలిన 46 బడులలో తేడా ఏమీ లేదు! అదే సంస్థ 2023లో మళ్ళీ చూసినప్పుడు పరిస్థితి కొంత బాగుపడింది. చార్టర్ పిల్లలు ఒక సంవత్సరంలో చదవటంలో 16 రోజుల పాఠమంత, లెక్కలలో 6 రోజుల పాఠమంత ముందున్నారు. బడి సంవత్సరం 180 రోజులనుకుంటే ఆరు రోజులంటే ఎంత? ఒక దసరా సెలవంత కూడా లేదు.

అయితే ఇది సగటు. సగటు చూసి మోసపోకూడదు. బోస్టన్ నగరంలో చీటీలలో పేరు వచ్చి చార్టర్ బడికి వెళ్ళిన పిల్లలు, పేరు రాక మామూలు బడిలోనే ఉండిపోయిన పిల్లలకన్నా చాలా ముందుకు పోయారు. మరోవైపు కంప్యూటరు ద్వారా నడిపే చార్టర్ బడులలో పిల్లలు లెక్కలలో దాదాపు ఒక సంవత్సరం చదువంత వెనకబడినట్టు 2015లో తేలింది. కరోనా కాలంలో ఒక్క ఫోనుతో ముగ్గురు పిల్లలను చదివించిన తల్లులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక్కడ మీరు అడగాలి: అదే చట్టం, అదే పేరు, అదే బోర్డు ఉన్నప్పుడు ఒక బడి ఎందుకు బాగుంది, మరొకటి ఎందుకు బాగాలేదు? న్యూయార్క్‌లో 39 చార్టర్ బడులను పట్టి చూసిన పరిశోధకులు 2013లో ఒక ఆశ్చర్యకరమైన మాట చెప్పారు. తరగతిలో పిల్లలు ఎంతమంది, ఒక్కొక్కరిపై ఖర్చు ఎంత, టీచర్ల డిగ్రీలు ఏమిటి అన్నవాటికీ, బడి ఫలితాలకూ పొంతన కనబడలేదు. అయిదు పద్ధతులు మాత్రం బడులకూ బడులకూ మధ్య ఉన్న తేడాలో దాదాపు సగాన్ని వివరించాయి. టీచరు పాఠాన్ని తరచుగా వచ్చి చూసి మంచీ చెడూ చెప్పటం. పిల్లలకు ఏమి వచ్చిందో పరీక్షించి దానిని బట్టి పాఠం మార్చుకోవటం. చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి ఎక్కువసార్లు ట్యూషన్ చెప్పటం. ఎక్కువ గంటలు, ఎక్కువ రోజులు పని చేయటం. ప్రతి పిల్లవాడూ నేర్చుకోగలడనే గట్టి నమ్మకం.

ఆ తర్వాత వారు మరొక పని చేశారు. హ్యూస్టన్ నగరంలో వెనకబడిన 20 మామూలు సర్కారు బడులలోనే, 2010 నుండి, ఈ పద్ధతులు పెట్టి చూశారు. బోర్డు మార్చలేదు. లెక్కలలో పిల్లలు గట్టిగా ముందుకు వచ్చారు. చదవటంలో మాత్రం పెద్దగా తేడా రాలేదు. అంటే మేలు చేసింది బడి పేరు కాదు, బడిలో జరిగిన పని. ఆ పనిని ఏ బడికైనా తీసుకుపోవచ్చు.

"మాస్టారూ, అమెరికా సంగతులు మాకెందుకు, ఖైరతాబాదు సంగతి చెప్పండి" అంటారా? వస్తున్నాము.

మన హైదరాబాదు పాతనగరాన్ని జేమ్స్ టూలీ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు గల్లీ గల్లీ తిరిగి చూశారు. చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ ప్రాంతాలలో ఆయన బృందం 918 బడులను లెక్కించింది. అందులో 335 బడులకు గుర్తింపే లేదు. సర్కారు బడులు మూడో వంతు పైచిలుకు. ఈ చిన్న ప్రైవేటు బడులలో పిల్లలకు పరీక్ష పెడితే వారు సర్కారు బడుల పిల్లలకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారని ఆయన 2009లో ఒక పుస్తకం కూడా అచ్చు వేయించారు. మన మొహల్లాలలో జనం నమ్మేది కూడా ఇదే. సర్కారు బడి కన్నా, ఉర్దూ బడి కన్నా ప్రైవేటు ఇంగ్లీషు మీడియం మేలు. మేము కూడా మా బిడ్డ విషయంలో అదే నమ్మాము.

కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. మొజంజాహీ మార్కెట్టులో ఇద్దరు పండ్ల వ్యాపారులు ఉన్నారనుకోండి. ఒకరు తోటకు పోయి మంచి కాయలు ఏరి తెచ్చారు. రెండవవారు మిగిలినవి తెచ్చారు. సాయంత్రం మొదటి దుకాణంలో పండ్లు తియ్యగా ఉన్నాయి. అది దుకాణం గొప్పా, తోటలో ఏరుకున్న చేతి గొప్పా? బడి కూడా అంతే. నెల నెలా ఫీజు కట్టి, రాత్రి హోంవర్కు చూసి, జ్వరం వచ్చినా బడి మానిపించని తల్లిదండ్రుల పిల్లలు ఒక బడిలో ఉంటారు. అన్నం కోసం పనికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు మరో బడిలో ఉంటారు. రెండు బడుల మార్కులు పక్కన పెట్టి ఇది మంచిది, అది చెడ్డది అంటే న్యాయం కాదు. టూలీ గారు కుటుంబ పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకున్నామన్నారు. అయినా తల్లి మనసులోని పట్టుదలను లెక్క కట్టడం ఎవరి వల్ల అవుతుంది?

దీనికి విరుగుడు ఒక్కటే: చీటీలు. ఆ పని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. అందరూ తెలుసుకోవలసిన సంగతి ఇది. 2008లో అయిదు జిల్లాలలో 180 పల్లెలను తీసుకున్నారు. సర్కారు బడిలో చేరే చిన్న పిల్లల తల్లిదండ్రులను "మీ బిడ్డకు ప్రైవేటు బడి ఫీజు మేము కడతాము, కావాలా?" అని అడిగారు. కావాలన్నవారు చాలామంది. అప్పుడు చీటీలు తీశారు. ఏ పల్లెకు రావాలో ఒక చీటీ, ఆ పల్లెలో ఏ పిల్లలకు రావాలో మరొక చీటీ. చీటీ వచ్చినవారి తల్లిదండ్రులు, రానివారి తల్లిదండ్రులు ఒకే రకం వారు. అందరూ కోరుకున్నవారే. కాబట్టి తర్వాత కనబడే తేడా బడి వల్ల వచ్చినదే అవుతుంది. నాలుగేళ్ళు చూసి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు పండితులు 2015లో ఫలితాలు ప్రకటించారు.

తెలుగులో తేడా లేదు. లెక్కలలో తేడా లేదు. రెండేళ్ళకూ లేదు, నాలుగేళ్ళకూ లేదు. ఇంగ్లీషులో, సైన్సు సోషలులో కొద్దిగా మెరుగు. హిందీలో మాత్రం చాలా మెరుగు. ఎందుకంటే చిన్న తరగతులలో సర్కారు బడి హిందీ చెప్పదు, ప్రైవేటు బడి చెబుతుంది. చెప్పిన చోట వచ్చింది, చెప్పని చోట రాలేదు! ఇక సర్కారు బడిలోనే ఉండిపోయిన పిల్లలకు దీనివల్ల లాభమూ కలగలేదు, నష్టమూ కలగలేదు.

ఇది విని మేము టీచర్లం సంతోషించామా? లేదు. ఎందుకంటే అదే పరిశోధనలో మరొక మాట ఉన్నది. ప్రైవేటు బడిలో ఒక పిల్లవాడిపై అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అక్కడి టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు లోపే. తెలుగుకు, లెక్కలకు వారు మనకన్నా తక్కువ సమయం ఇచ్చారు. అయినా ఆ రెండింటిలోనూ మన పిల్లలతో సమానంగా నిలబెట్టి, మిగిలిన సమయంలో ఇతర పాఠాలు కూడా చెప్పారు. అంత జీతం తీసుకునే మేము ఈ మాట విని తల దించుకోవాలి. ఇంకొక సూచన కూడా ఆ పరిశోధనలో ఉన్నది. ఇది చీటీ ఫలితమంత గట్టిది కాదు, అయినా మనకు ముఖ్యం. ప్రైవేటు తెలుగు మీడియంలో చేరిన పిల్లలకు మేలు ఎక్కువగా కనబడింది. ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలోకి మారిన పిల్లలు ఇతర పాఠాలలో తడబడినట్టు కనబడింది. ఇంట్లో చదువు చెప్పగలవారు లేని బిడ్డకు ఒకే రోజు బడీ మారి, భాషా మారితే ఆ బిడ్డ ఎంత బరువు మోయగలదు?

సర్కారు గురుకులాల మాట కూడా చెప్పాలి. నల్లగొండ జిల్లా సర్వేలులో 1971లో మొదటి గురుకుల పాఠశాల ప్రారంభమయింది.  2016లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ గురుకులాలు 71 తెరిచింది. తర్వాత వాటి సంఖ్య 200 దాటింది. ఇంగ్లీషు మీడియం, ఉచిత భోజనం, వసతి. మన సంఘంలోనూ అక్కడ చదివిన బిడ్డలున్నారు. వారిని అడిగి చూడండి, ఏది మేలు చేసిందని. "పొద్దున ఇంత, రాత్రి ఇంత చదివించేవారు సార్" అంటారు. గంటల మాట చెబుతారు, పక్కన కూర్చున్న మనిషి మాట చెబుతారు. బోర్డు మీద ఏమి రాసి ఉందో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మా తప్పు ఒకటి మీ ముందు పెడుతున్నాము. పేర్లు వద్దు.

మా బడిలో నాలుగు, అయిదు తరగతులు చదివిన ఒక కుర్రవాడు ఉన్నాడు. తండ్రి ఆటో నడుపుతాడు. అయిదు అయిన తర్వాత వాడిని తీసుకుపోయి ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో వేశారు. మూడేళ్ళ తర్వాత ఫీజు బాకీ పడి మళ్ళీ మా దగ్గరికే, ఎనిమిదో తరగతికి, తెచ్చారు. మేము ఉర్దూ పుస్తకం చేతికిచ్చి చదవమన్నాము. గడగడా చదివాడు. మేము "షాబాష్" అన్నాము. పక్కనున్న పిల్లలు నవ్వారు. దగ్గరికి పోయి చూస్తే వాడు తెరిచిన పేజీ వేరు, చదువుతున్న పాఠం వేరు! తరగతిలో విని విని కంఠతా పట్టాడు. అక్షరం రాదు. ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు, ఉర్దూ రాదు.

మేము కోపంతో తండ్రిని పిలిపించాము. "మూడేళ్ళు ఫీజు కట్టి ఏం చదివించావు భాయి? ఆ బడివాళ్ళను అడగవా?" అన్నాము. ఆయన నెమ్మదిగా అన్న మాట ఇప్పటికీ మా చెవులలో ఉన్నది. "సార్, వాణ్ణి అక్కడికి తీస్కపోక ముందు రెండేండ్లు మీ దగ్గరే ఉన్నడు గద. చదువొస్తలేదని మీరెందుకు చెప్పలె?"

మా దగ్గర జవాబు లేదు. ఆ రెండేళ్ళు వాడి హాజరు వేశాము, మధ్యాహ్న భోజనం లెక్క రాశాము, పరీక్షలో మార్కులు వేసి పై తరగతికి పంపాము. ఒక్కసారి కూడా వాడిని ఒక్కడినే కూర్చోబెట్టి, ముందు చదవని పేజీ ఒకటి చదివించలేదు. మాకు కారణాలు లేకపోలేదు. ఇద్దరు టీచర్లం అయిదు తరగతులు చూసేవాళ్ళం. డి.ఎస్.సి.లో ఉర్దూ మీడియం పోస్టులు రోస్టరుకు తగిన అభ్యర్థులు దొరకక ఖాళీగా మిగిలిపోవటం మీరు పత్రికలలో చదివే ఉంటారు. పుస్తకాలు ఆలస్యం. ఇవన్నీ నిజమే. కాని ఒక పేజీ చదివించడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు మేము ఇవ్వలేదు. ప్రైవేటు బడీ ఇవ్వలేదు. రెండు బోర్డుల కిందా వాడు ఒకే విధంగా నష్టపోయాడు.

వాడు ఒక్కడే కాదు. ప్రథమ్ సంస్థ తోడ్పాటుతో దేశమంతటా పల్లెలలో ఇంటింటికీ పోయి పిల్లలను చదివించి చూసే అసర్ సర్వే ఒకటి ఉన్నది. 2024లో సర్కారు బడుల మూడో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 100కి 23 మందే. ఇది పల్లెల లెక్క. పట్నంలో ఉన్నాము గనక మనకేమీ ఫరవాలేదనుకోవద్దు. ఇవాళ ఇంటికి వెళ్ళి మీ పిల్లవాడికి తెలియని పుస్తకం నుండి ఒక పేజీ చదివించండి. అప్పుడు తెలుస్తుంది.

ఆ కుర్రవాడి సంగతి పూర్తి చేస్తాము. సాయంత్రం బడి వదిలిన తర్వాత గంటసేపు వాడిని కూర్చోబెట్టాము. మా వల్ల కాని రోజున వాడి ఇంటి పక్కన ఉండే ఇంటర్ చదివే అమ్మాయి కూర్చుంది. నిజం చెప్పాలంటే మాకన్నా ఆ అమ్మాయే బాగా చెప్పింది. వాడు ఆమె ముందు సిగ్గుపడకుండా తప్పులు చదివేవాడు. పదో తరగతి రెండోసారికి గట్టెక్కాడు. ఇప్పుడు ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్టులో ఫోన్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. మూడు భాషలలో బిల్లు చదువుతాడు. గొప్ప విజయమని మేము చెప్పము. కాని వాడి జీవితంలో రెండు బడులు చేయలేని పని సాయంత్రం ఒక గంట చేసింది.

ఇది మా ఒక్కరి అనుభవం మాత్రమే అయితే మీ ముందు పెట్టేవారము కాదు. 2001 నుండి 2003 వరకు బొంబాయిలోను, బరోడాలోను ప్రథమ్ సంస్థవారు ఇదే పని పెద్ద ఎత్తున చేశారు. చదువుకున్న బస్తీ అమ్మాయిలను తీసుకొని, వారికి "బాల్‌సఖి" అని పేరు పెట్టారు. నెలకు 500 నుండి 750 రూపాయలు ఇచ్చారు. మూడు, నాలుగు తరగతులలో బాగా వెనకబడిన పదిహేను ఇరవై మంది పిల్లలను రోజూ రెండు గంటలు వారి దగ్గర కూర్చోబెట్టారు. అక్షరాలు, కూడికలు, తీసివేతలు. అంతే. ఏ బడులకు ముందు ఇవ్వాలో అక్కడా వంతుల ప్రకారం నిర్ణయించి పోల్చి చూశారు. పిల్లలు ముందుకు వచ్చారు. రెండో సంవత్సరం లాభం మొదటి సంవత్సరానికి రెట్టింపు. మేలు ఎక్కువగా పొందింది అందరికన్నా వెనకబడినవారే. అయితే ఆపేసిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది కూడా. కాబట్టి ఒక సంవత్సరం ఫొటోలు తీయించుకొని ఆపేసే పని కాదిది.

ఇక తీర్మానం సంగతి. మేము స్కూలు వద్దని చెప్పటం లేదు. మైనారిటీలు తమ విద్యాసంస్థలు తాము నడుపుకోవడానికి రాజ్యాంగం 30వ అధికరణం హక్కు ఇచ్చింది. ఆ హక్కు విలువైనది. కాని హక్కు ఉన్నంత మాత్రాన చదువు వస్తుందని అనుకోవద్దు. భవనానికి పునాది వేసే ముందు చదువుకు పునాది వేయగలమో లేదో పరీక్షించుకుందాము. మా విన్నపాలు నాలుగు.

మొదటిది: ఈ సంవత్సరం మన సంఘం ఆఫీసు గదిని సాయంత్రం రెండు గంటలు పిల్లలకు ఇవ్వండి. మన కుటుంబాలలో ఇంటర్, డిగ్రీ చదివిన అమ్మాయిలు ఉన్నారు. అయిదుగురిని తీసుకుందాము. ఉచిత సేవ అనవద్దు. నెలనెలా, తేదీ తప్పకుండా, గౌరవంగా జీతం ఇద్దాము. సేవ అంటే రెండో నెలకు రారు. అది వారి తప్పు కాదు.

రెండవది: సర్కారు బడి, ఉర్దూ బడి, ప్రైవేటు బడి అని చూడకుండా మన కుటుంబాలలో 7 నుండి 14 ఏళ్ళ పిల్లలందరికీ ముందు ఒక పేజీ, నాలుగు లెక్కలు పెట్టి చూద్దాము. తరగతిని బట్టి కాదు, వచ్చినదానిని బట్టి కూర్చోబెడదాము. ఏడో తరగతి పిల్లవాడు మూడో తరగతి పిల్లవాడి పక్కన కూర్చోవలసి వస్తే తల్లిదండ్రులు నామోషీ పడవద్దు.

మూడవది: ప్రతి మూడు నెలలకు మళ్ళీ చూసి, ఎంతమందికి వచ్చింది, ఎంతమందికి రాలేదు అన్న లెక్కను, పేర్లు లేకుండా, వచ్చే ఏటి సావనీరులో అచ్చు వేయండి. లెక్క బాగా లేకపోతే కూడా అచ్చు వేయండి. ప్రతి సంవత్సరం ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు వేస్తున్నాము. మంచిదే. కాని రాని పిల్లల లెక్క ఏ పేజీలోనూ లేదు.

నాలుగవది: రెండు సంవత్సరాలు ఇది నడిపి, ఆ అమ్మాయిలకు జీతం తప్పకుండా, పిల్లలకు గంట తప్పకుండా ఇవ్వగలిగితే అప్పుడు స్కూలు తీర్మానం మేమే ప్రతిపాదిస్తాము. ఒక గదిని నడపలేని సంఘం పది గదులను నడపలేదు. ఆ స్కూలు ఇంగ్లీషు మీడియం అయినా సరే, చిన్న తరగతులలో బిడ్డకు అర్థమయ్యే భాషలో చెప్పాలని, ఉర్దూ ఒక పాఠంగా తప్పక ఉండాలని మాత్రం కోరుతాము.

మొదట్లో ఒక మాట చివరికి దాచుకున్నాము. మా అబ్బాజాన్ బతికి ఉన్న రోజులలో ఉద్యోగరీత్యా వేరే ఊరిలో ఉండి మాకు ఉత్తరాలు రాసేవారు. చక్కని చేతిరాత. ఆ ఉత్తరాలు ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. మొన్న మా పెద్దమ్మాయి ఆ డబ్బా తీసి, "అబ్బూ, దాదా ఏం రాశారు? చదివి చెప్పండి" అన్నది. ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకునే బిడ్డ. ఇరవై ఏళ్ళుగా ఊరి పిల్లలకు అలిఫ్, బే నేర్పుతున్న మాస్టారి బిడ్డ. తన తాత ఉత్తరం తాను చదువుకోలేకపోయింది. ఆ స్కూలుది తప్పు కాదు. వారు ఉర్దూ నేర్పుతామని మాకు ఎప్పుడూ చెప్పలేదు. రోజూ ఒక అరగంట మేము కూర్చొని ఉంటే వచ్చేది. ఊరందరి పిల్లలకు చెప్పి ఇంటికి వచ్చి అలసిపోయామనుకున్నాము.

ఇప్పుడు రాత్రి భోజనాల తర్వాత అరగంట కూర్చుంటున్నాము. నిన్నటికి ఆమె మొదటి ఉత్తరంలో నాలుగు పంక్తులు చదివింది. తప్పులతోనే. అయినా ఆమే చదివింది.